తోక చూపించిన రేకు పుంజు

“పారిపో మౌలాలీ భాయ్! కత్తులొస్తన్నాయి!”

గురజాల రైల్వే స్టేషన్ ముందు బస్సు ఆగీ ఆగకముందే డ్రైవరు రసూల్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు దొరక్క బొగ్గుతో నడుస్తున్న బస్సు అది. బోర్డులు రాసే మౌలాలీ సరిగ్గా అప్పుడే వేడి పకోడీ నోట్లో వేసుకున్నాడు. మింగడానికీ ఉమ్మడానికీ వ్యవధి లేకపోయింది. బస్సు టాపు మీద నుంచి కత్తులు, ఈటెలు, ఒక శంఖం, ఒక డప్పు దిగాయి. వాటి వెనకాల మనుషులు దిగారు. అందరికంటే ముందు క్రోసూరు బ్రహ్మయ్య.

“ఈ బోర్డు రాసినోడు ఎవుడ్రా?”

రాత్రిబడి నెహెమ్యా మాస్టారు ఆలోచించి, మౌలాలీ చేత వేయించిన బొమ్మల బోర్డు అది. కారెంపూడి వీరుల తిరునాళ్ళకు రైల్లో వచ్చే జనంలో చదువు వచ్చినవాళ్ళు తక్కువ. అందుకని అక్షరాలు వద్దు, బొమ్మలు చాలన్నాడు మాస్టారు. వాగు, గుడి, తిరునాళ్ళ దీపాలు. అన్నిటికీ పైన రేకులో కత్తిరించి రెండు పక్కలా రంగు వేసిన పుంజు. పల్నాటి యుద్ధం మొదలైందే కోడిపందెంతో కదా! పుంజు ముక్కు ఎటుంటే కారెంపూడి అటు.

ఇవాళ పుంజు ముక్కు ఎడమవైపుంది. అటు వెళ్తే కారెంపూడి రాదు, కృష్ణ వస్తుంది.

వచ్చింది కూడా. వీరుల ఆయుధాలు మోసుకుంటూ మొదటిసారి రైలెక్కిన బ్రహ్మయ్య బృందం పుంజును నమ్మి దైద రేవు దాకా నడిచింది. అక్కడ శంఖం ఊది, డప్పు కొట్టి, కత్తులు పైకెత్తి “కారెంపూడి ఎక్కడ?” అని కేక పెట్టింది. అవతలి ఒడ్డు నైజాం వారిది. అక్కడి సరిహద్దు నాకా జవాన్లు దండయాత్ర అనుకుని తుపాకులు అందుకున్నారు. అదృష్టం బాగుండి రేవులో ఉన్న రసూల్ తెల్ల తువ్వాలు ఊపి, అందరినీ బస్సెక్కించాడు.

“దీపాల యేళకి కారెంపూడిలో దించుతా, మళ్ళీ ఎక్కు పెద్దాయనా,” అన్నాడు రసూల్.

“ఎక్కను. తప్పుదోవ పట్టించినోడి పేరు ఆయుధం ఎదట పైకి చెప్పాల. అప్పటిదాకా ఆయుధం కదలదు. ఎవుడూ తేలకపోతే రాసినోడే దొంగ. కుంచె ఇక్కడే ఇరగ్గొట్టి, మళ్ళీ పల్నాట్లో ఏ గోడ మీదా చెయ్యి పెట్టగూడదు.”

మౌలాలీకి కుంచె తప్ప మరో బతుకు తెలియదు. పకోడీ గొంతుకు అడ్డం పడింది.

“నేను కుడిపక్కకే బిగించా పెద్దాయనా...”

ఇంతలో నెహెమ్యా మాస్టారు బడి గంట చేత్తో పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

“ఎవరూ కంగారు పడొద్దు! వాణ్ణి నేను పట్టుకుంటాను. వాడి పేరు గంట కొట్టి మరీ చాటిస్తాను!”

మొదటి అనుమానం బీడీల కొట్టు వెంకాయమ్మ మీద పడింది. ఆమె నిన్న సాయంత్రమే బోర్డుకు ఎడమపక్క గోడ మీద కోడి మార్కు బీడీల బొమ్మ దిగ్గొట్టించింది. నల్లపుంజు, ఎత్తిన కాలు.

“జనాన్ని నీ కొట్టు వైపు తిప్పుకోవడానికేగా వెంకాయమ్మా?”

“నా కొట్టు దాటి ఏట్లోకి పోతే నాకేం ఒరిగింది మాస్టారూ? ఒక్కడన్నా ఒక్క బీడీ కొన్నాడా?”

ఈలోగా పుంజును సరిచేద్దామని మౌలాలీ నిచ్చెన ఎక్కాడు.

“దీని కాలికి ఏందో కట్టుంది!”

విప్పి కిందికి అందించాడు. పందెం కత్తి. అసలుసిసలుది, పదును పెట్టింది.

“ఈ ఊళ్ళో పందెగాళ్ళు ఎవురు?” అన్నాడు బ్రహ్మయ్య.

“ఇప్పుడెవురున్నారు?” అంది వెంకాయమ్మ. “దసరాకి మాస్టారు అందరి చేతా ఒట్టేయించి కత్తులు లాగేసుకున్నాడు. మా ఆయనవీ పోయినాయి. బడి పెట్టెలో ఏసి తాళం పెట్టాడు.”

రసూల్ ఎదురుగా ఉన్న బడిలోకి పరుగెత్తి, అంతే వేగంగా తిరిగొచ్చాడు. “తాళం నిక్షేపంగా ఉంది!”

“మరి తాళంచెవి?” అన్నాడు బ్రహ్మయ్య.

మాస్టారి చెయ్యి ఒకసారి నడుము దగ్గరికి వెళ్ళి, కాలినట్టు వెనక్కి వచ్చింది. అది నిచ్చెన మీదున్న మౌలాలీ కంట పడింది. మాస్టారి పేరు బయటపడితే ఆ ఒట్లు నిలవవు, రాత్రిబడీ నిలవదు. మౌలాలీ దిగి, చెవి మీద కుంచె తీశాడు.

“నాదే తప్పు పెద్దాయనా. మేకు వదులైంది. గాలికి తిరిగింది.”

“గాలి కాలికి కత్తి గూడా కట్టిందా?”

“కట్టుద్ది. పల్నాటి గాలి గదా.”

జనం గొల్లుమన్నారు. మౌలాలీ నవ్వలేదు. కుంచెను రెండు చేతులా పట్టి వంచాడు.

“ఆగరా!”

మాస్టారి చేతిలోంచి గంట కింద పడింది.

“పొద్దున రైలొచ్చే ముందు ఇటొచ్చా. ఆ బీడీల పుంజు కాలెత్తి మీదికొస్తంది. మనది దానికి తోక చూపించి పోతంది! రైలు దిగే జనం ఎదట! మా నాయన పెంచిన పుంజు ఒక్కటన్నా బరిలో తోక చూపించిందా? చెయ్యాగలా. మేకు పీకి తిప్పా.”

“మరి కత్తి?” అన్నాడు బ్రహ్మయ్య.

“తిప్పినాక, వట్టికాళ్ళతో ఎట్టా వదిలేది దాన్ని?”

“దారో?”

“అది దారి చూపే పుంజని మీరంతా పోయినాక గుర్తొచ్చింది.”

బ్రహ్మయ్య రెండు పుంజుల్నీ మార్చి మార్చి చూశాడు. “తోక చూపిస్తే నేను మాత్రం ఊరుకునేవోణ్ణా,” అని గొణిగాడు. వెంటనే గొంతు సవరించుకున్నాడు. “అయినా ఆచారం ఆచారమే. గంట కొట్టి చాటిస్తానంటివి గదా. కానియ్.”

మౌలాలీ కుంచెను మళ్ళీ చెవి మీద పెట్టుకుని, గంట తీసి అందించాడు. మాస్టారు ఒక్కసారి మోగించాడు. ఆయుధాలకు ఎదురుగా నిటారుగా నిలబడి, రోజూ బడిలో హాజరు పిలిచే గొంతుతో అరిచాడు.

“ముప్పిడి నెహెమ్యా!”