ఎడమకు, కిందికి

జూన్ ఒకటి, ఆదివారం ఉదయం 10.41కి ఈశ్వరి పరీక్ష ఆగిపోయింది. ఆన్‌లైన్ బీబీఏలో అది చివరి పేపరు. అప్పటికి ఇరవై ఒకటో ప్రశ్నలో ఉంది. అభ్యర్థి చూపు ఇరవై సార్లకు మించి తెర దాటినందున పరీక్ష రద్దు చేశామని లాప్‌టాప్ మీద వచ్చింది. రద్దు చేసింది మనిషి కాదు. కెమెరాలోంచి అభ్యర్థుల ముఖాలు గమనించే ఏఐ ప్రోగ్రాం. జూన్ పదిహేనున ఇంకొక్కసారి రాయవచ్చని మెయిల్ వచ్చింది.

ఈశ్వరికి ముప్పై ఎనిమిదేళ్లు. హిందీ ప్రాంతంలోని ఆదిత్యపూర్‌లో, ఇనుము కోసి అతికే ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్‌లో పదకొండేళ్లుగా క్రేన్ నడుపుతోంది. షెడ్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయింది. జూలైలోగా డిగ్రీ చూపించాలి. పరీక్ష మళ్లీ రద్దయితే ఆ పోస్టు వేరొకరికి వెళ్తుంది.

"కాపీ కొట్టేవేటే?" అని అడిగాడు తండ్రి ముసలయ్య.

"ఎవుల్ని సూసి కొట్టాలయ్యా? గోడనా?"

దగ్గర్లోనే ఉన్న సిద్ధగోరాలో వాళ్ల ఇంటి ముందు గదిలో, టేబుల్ ఎదుట ఉన్నది గోడే. దాని మీద ఒక క్యాలెండరు. కాలేజీలో చదువుతూ ఇంట్లోనూ హిందీయే మాట్లాడే ఈశ్వరి కూతురు బిందుప్రియ ముందుగా దాన్ని తీసేసింది. యూనివర్సిటీ సైట్‌లో మాక్ టెస్టులు ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు. ఒక్కోదానికి నలభై ప్రశ్నలు, చివర ఒక రిపోర్టు. ఆ రాత్రికి ఆగకుండా మధ్యాహ్నమే ఒకటి రాయించింది. మార్కులు 33. చూపు తెర దాటినవి 38. కిటికీకి దుప్పటి కట్టి రాయించింది. 39.

సైట్‌లో సందేహాలు తీర్చే సహాయకుడు ఉన్నాడు. అతనూ ఏఐ. ఎందుకిలా అవుతోందని అడిగితే మూడు సెకన్లలో జవాబిచ్చాడు: పరీక్ష సమయంలో తెరవైపు చూడండి.

"ఈ మాత్రం నేనూ సెప్పగల్ను," అన్నాడు ముసలయ్య.

మూడో రోజు బిందుప్రియ రిపోర్టులో సమయాలన్నీ కాగితం మీద రాసింది. పక్కనే ఒక్కో జవాబు నొక్కిన సమయం రాసింది. రాశాక కాగితం తల్లి ముందు పెట్టింది.

"మమ్మీ, దేఖో. పఢ్‌తే వక్త్ కుఛ్ నహీ. టిక్ కర్నే సే పెహ్లే, హర్ బార్."

ప్రశ్న చదివేటప్పుడు చూపు కదలడం లేదు. జవాబు నొక్కడానికి ఒక సెకను ముందు కదులుతోంది.

"నానెక్కడికీ సూడ్డం లేదు," అంది ఈశ్వరి.

"నువ్వు రాయి. నాను సూత్తాను," అన్నాడు ముసలయ్య. ఈసారి తెర వైపు కాకుండా కూతురి ముఖం వైపు తిరిగి కూర్చున్నాడు. ఆరు ప్రశ్నలయ్యాక ఆపమన్నాడు.

"ఎడం పక్కకి సూత్తన్నావు. కిందికి."

"ఏటుందక్కడ?"

"నానుండీవోడిని."

ముసలయ్య ఇరవై ఏడేళ్లు, చివర్లో కూతురి క్రేన్ కిందే, సిగ్నల్‌మ్యాన్‌గా పనిచేశాడు. క్రేన్ కింద నిలబడి ఎత్తమని, దించమని, ఆపమని చేతితో సైగ చేసేవాడు సిగ్నల్‌మ్యాన్. తొమ్మిది మీటర్ల పైన క్యాబిన్‌లో ఉన్న ఆపరేటర్ ఆ సైగ చూడకుండా హ్యాండిల్ కదపకూడదు. ఈశ్వరి షెడ్‌లో సిగ్నల్‌మ్యాన్ నిలబడేది క్యాబిన్‌కు ఎడమ వైపు.

చూడకుండా రాయడానికి ఈశ్వరి ప్రయత్నించింది. రిపోర్టులో చూపులు నాలుగుకు తగ్గాయి. మార్కులు పదిహేడుకు తగ్గాయి. పాసవడానికి ఇరవై కావాలి.

"సూడకుండా నొక్కీడానికి సెయ్యి రాడం లేదయ్యా. మనసంతా దాని మీదే ఉంటంది."

"అలవాటెందుకు మానీడం? ఆ లాప్‌టాపునే అట్టుకెళ్లి నా జాగాలో ఎట్టు," అన్నాడు ముసలయ్య.

"తాతా, వో కైసే చలేగా?" అంది బిందుప్రియ. అలా కుదురుతుందో లేదో సైట్‌లో నియమాలు తెరిచి చదివింది. మొదట్లో ప్రోగ్రాం అభ్యర్థిని తెరవైపు చూడమంటుంది. ఆ ముఖం ఎలా కనిపిస్తే దాన్నే గుర్తు పెట్టుకుని మిగతా చూపులు కొలుస్తుంది. లాప్‌టాప్ టేబుల్ మీదే ఉండాలని ఎక్కడా లేదు.

ట్రంకు పెట్టె మీద ఇంకో ట్రంకు పెట్టె పెట్టి ఈశ్వరిని కూర్చోబెట్టారు. ఎడమ వైపు కింద, ఆమె చూపు వెళ్లే చోటే, పీట వేసి, దాని మీద లాప్‌టాప్ పెట్టి, కెమెరాకు ముఖం అందేలా తెరను వెనక్కి వంచారు. నొక్కడానికి వైరు లేని మౌస్ చేతికిచ్చారు.

మార్కులు 34. చూపులు 3.

"పాగల్," అంది బిందుప్రియ. పిచ్చి ఎవరికో చెప్పలేదు.

జూన్ పదిహేనున పరీక్ష పదికి మొదలైంది. గదిలో ఇంకెవరూ ఉండకూడదు కాబట్టి తాతా మనవరాలూ వరండాలో కూర్చున్నారు. 10.41కి ముసలయ్య తలుపు వైపు చూశాడు. లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు. 11.22కి ఈశ్వరి తలుపు తీసింది.

"పేపరు తీసుకుంది. రెండుపాల్లే సూసేనంట."

బిందుప్రియ లాప్‌టాప్‌ను మళ్లీ టేబుల్ మీదికి చేర్చింది. ముసలయ్య దాని ముందు కుర్చీ లాక్కున్నాడు.

"నన్నూ ఓపాలి సూడమను."

ప్రశ్నలుండేది హిందీలో. అతనికి చదవడం వచ్చు. సైట్‌లోనే ఉన్న పది ప్రశ్నల చిన్న టెస్టు పెట్టారు. ముసలయ్య ఒక్కో ప్రశ్న చదివి, ఆగి, నొక్కాడు. మార్కులు 2. చూపు తెర దాటినవి 9.

ఈశ్వరి ఈసారి తండ్రి ముఖమే చూస్తూ నిలబడింది. తొమ్మిది సార్లూ అతని కళ్లు పైకే వెళ్లాయి.

"ఇంకా నాకేసే సూత్తన్నావేటయ్యా?"

"మరి సెయ్యెత్తీముందు, పైనున్నోడు సూత్తన్నాడో లేదో సూసుకోవద్దా?" అన్నాడు ముసలయ్య.