పై అంచు మీద గంటు

కదిరి బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్ నడిపే తిరుపాలమ్మ దగ్గరికి ఫోను చేసుకునేవాళ్ళు వస్తారు, బస్సు ఎప్పుడని విసిగించేవాళ్ళు వస్తారు, ఎండకు తాళలేక ఊరికే నీడకు వచ్చేవాళ్ళూ ఉన్నారు. చరిత్ర రాసేవాళ్ళు మాత్రం రెండువేల ఒకటి వేసవిదాకా ఎవరూ రాలేదు.

వచ్చినామె పేరు పద్మప్రియ. ముప్పై దాటిన మనిషి, భుజాన గుడ్డసంచి. పుట్టింది గుత్తిలో. బెంగుళూరు కాలేజీలో పాఠాలు చెబుతూ, మన దేశానికి కంప్యూటర్లు వచ్చిన కొత్తల్లో వాటి దగ్గర పనిచేసిన ఆడవాళ్ళ చరిత్ర రాస్తోందట. తిరుపాలమ్మకు నవ్వొచ్చింది. కంప్యూటరే నిన్న గాక మొన్న వచ్చింది, దానికి చరిత్ర ఒకటా!

"అక్కా, హైదరాబాదులో కార్డుల ఆఫీసులో ఉన్నప్పుడు ఏం పని చేసేదానివి?"

"ఏముండాది చెప్పేకి? టైపు కొట్టినాం, జీతమిచ్చినారు, వచ్చేసినాం."

"నువ్వు కొట్టేదానివి కాదు గదక్కా. కొట్టినోళ్ళ పనిని సరిచూసేదానివి."

తిరుపాలమ్మ తలెత్తి చూసింది. ఆ తేడా తెలిసిన మనిషి ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కరు కూడా ఆమెకు తగల్లేదు.

అప్పటి కంప్యూటరుకు ఏం చెప్పాలన్నా అట్టకార్డుల మీద బెజ్జాలు కొట్టి తినిపించాలి. ఒకమ్మాయి కాగితం చూసి బెజ్జాలు కొడితే, అదే కాగితం చూస్తూ తిరుపాలమ్మ ఇంకో మిషను మీద అవే అంకెలు మళ్ళీ నొక్కేది. రెండూ కలిస్తే కార్డు కుడి అంచున చిన్న గంటు పడేది, అంటే కార్డు మంచిదని. కలవకపోతే మిషను బిగుసుకుపోయి, తప్పున్న అంకెకు నేరుగా పై అంచున గంటు పెట్టేది. అట్లాంటి కార్డును తీసి పక్కన పెట్టి కొత్తది కొట్టాలి. రోజుకు వెయ్యి కార్డులు. అందులో ఒక్కటి ఆమె బతుకును తలకిందులు చేసింది.

అది డెబ్భై మూడు నాటి కరువు. నిండు పంటను పదహారణాలనుకుంటే ఏ ఊళ్ళో ఎన్నణాలు పండిందో లెక్కలు ఆ ఆఫీసుకు వచ్చాయి. గోరంట్ల దగ్గర తిరుపాలమ్మ పుట్టిన నల్లగుట్లపల్లిలో పండింది రెండణాలు. జాబితాలో అచ్చయింది పన్నెండణాలు. పన్నెండణాలు పండిన ఊరికి కరువెక్కడిది? కరువు పనులు రాలేదు, జొన్నలు రాలేదు, పశువులకు గడ్డి రాలేదు. ఊరు సగం వలసపోయింది. ఆ విభాగం ఆఫీసరే విచారణ జరిపి, సరిచూసే మనిషి సరిగా చూడలేదని రాసి తిరుపాలమ్మను ఇంటికి పంపాడు. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టేయమన్నట్టు ఊరు ఆ మాట నమ్మేసింది. సొంత అన్న నల్లప్ప, ఊరి నోట్లో మన్ను కొట్టిన మనిషి మా ఇంట్లో వద్దన్నాడు. తల్లి పోయినప్పుడు కూడా ఆమె శ్మశానం దాకా వెళ్ళి అట్నుంచి అటే వెనక్కి వచ్చేసింది.

వాళ్ళ మాటలు ఎట్లాగో ఓర్చుకునేదే. అన్నిటికంటే ఘోరం, ఆ కార్డు ఆమెకే గుర్తులేదు. ఆపానా, వదిలేశానా? వెయ్యి కార్డుల్లో ఒకటి ఎవరికి గుర్తుంటుంది? తన చేతిని తనే నమ్మలేక ఆమె ఇన్నేళ్ళూ బతికింది.

"ఆ విచారణ ఫైలు చదివినానక్కా," అంది పద్మప్రియ.

తిరుపాలమ్మ ముఖం నల్లబడింది. "చదివినావు గదా. ఇంగేం కావల్ల? పొయ్యిరా తల్లీ."

"చదివినా గానీ నమ్మలేదు. అందుకే కార్డును వెతికినా."

మూడు వేసవి సెలవులు వెతికిందట. పాత కాగితాల గోదాములో, చెదలు తిన్న నలభై పెట్టెల్లో, ఎలుకలు కొరికినవి కొరకనివి ఒక్కొక్కటే తీసి చూసిందట. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా వారానికోసారి జ్వరమట. ఎవరి కోసం? ముఖం కూడా చూడని మనిషి కోసం! ఈ పిల్లకు పిచ్చయినా ఉండాలి, లేదా భూదేవికున్నంత ఓపికన్నా ఉండాలి అనుకుంది తిరుపాలమ్మ.

పద్మప్రియ గుడ్డలో చుట్టిన కార్డు తీసి బల్ల మీద పెట్టింది. "నాకు అర్థమయింది ఒకటుండాది. కానీ నేను పుస్తకాల్లో చదివినదాన్ని. ఆ మిషను మీద చెయ్యేసినదానివి నువ్వు. నువ్వు చూసి చెప్పేదాకా నేనేమీ రాయను."

తిరుపాలమ్మ వెంటనే చూడలేకపోయింది. కళ్ళు మూసుకుని, ముందు కుడి అంచు మీద వేలు నడిపింది. అక్కడ గంటు ఉంటే తప్పు తనది. పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి తడిమింది. అంచు నున్నగా ఉంది. వేలిని పై అంచుకు తిప్పింది. సగం దాటాక గోరు ఒకచోట దిగింది.

కళ్ళు తెరిచింది. రెండుకు ముందు సున్నా ఉండాల్సిన చోట ఒకటి. దాని నెత్తిన గంటు.

"ఆపినా," అంది. "నేనాపినా పాపా! చూడు, నేనాపినా!"

"ఆపినావక్కా. కొత్త కార్డు కొట్టేదాకా నిలవలేక మీ ఆఫీసరు దీన్నే మిషనులో పెట్టించినాడు. జాబితా ఆ సాయంత్రానికే కావల్లని తొందర చేసిన చీటీ అదే ఫైల్లో ఉండాది."

దొంగ చేతికే తాళాలిచ్చినట్టు, ఆయన చేతికే విచారణ ఇచ్చారన్నమాట! తిరుపాలమ్మ ఆ ఆఫీసరును తిట్టిన తిట్లకు ఫోను చేసుకోవడానికి వచ్చినాయన చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోయాడు. తిట్టి తిట్టి, చివరికి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

తేరుకున్నాక అడిగింది. "కార్డు కొట్టింది సారా అనే పిల్ల. ఆ పిల్ల పేరు గూడా రాస్తావా?"

"రాయాలనే అనుకున్నానక్కా."

"రాయద్దు. చెయ్యన్నాక జారతాది. జారతాదనే గదా రెండో మనిషిని పెట్టింది?"

పద్మప్రియ పెన్ను తీసి, ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుంది. పదేళ్ళ చదువులో తనకు ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదని ఒప్పుకుంది కూడా.

మధ్యాహ్నం ఇద్దరూ గోరంట్ల బస్సెక్కారు. నల్లగుట్లపల్లి చేరేసరికి నల్లప్ప తన ఇంటి చావడిలో కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తున్నాడు. చెల్లెల్ని చూసి చెయ్యి ఆగిందే గానీ రమ్మనలేదు. పద్మప్రియ నోరు తెరవబోతే తిరుపాలమ్మ ఆపింది.

"నువ్వుండు పాపా. ఇది నా పని."

కిందనే కూర్చుని, చదువు రాని అన్నకు బెజ్జం అంటే ఏమిటో, గంటు అంటే ఏమిటో చెప్పింది. అతని వేలు పట్టుకుని పై అంచు మీద పెట్టింది. నల్లప్ప చాలాసేపు తడిమి చూశాడు.

"ఇది నువ్వు పెట్టిందేనా?"

"నేనే."

అతను కార్డును చెల్లెలి ఒడిలో పెట్టి, లేచి బయటికి నడిచాడు. నమ్మలేదనుకుంది తిరుపాలమ్మ. కార్డును మళ్ళీ గుడ్డలో చుట్టసాగింది.

ఇంతలో పక్కింటి తలుపు కొట్టిన చప్పుడయింది. ఆ వెంటనే నల్లప్ప గొంతు.

"ఏమప్పా శ్రీరంగా, ఒకసారి బయటికి రా. మా తిరుపాలు వచ్చిండాది. ఆయమ్మ తప్పేమీ లేదు. అనరాని మాటన్నది నేను."

ఆ తర్వాత ఇంకో తలుపు చప్పుడయింది. మళ్ళీ అవే మాటలు, మొదటినుంచి.