భుజాలమీద వచ్చిన మా ఆయన

బాస్టీల్ కోట పడిపోయిందని పారిస్‌లో మా వీధి వీధంతా గంతులేస్తుంటే నా గుండె జారిపోయింది. అందరికీ అది రాజుగారి జైలు. నాకు మాత్రం నా మొగుడు కొలువుచేసే చోటు. వయసు మళ్ళిన సిపాయిలను అక్కడ కాపలాకి పడేశారు, వాళ్ళలో మా ఆన్సెల్మ్ ఒకడు. మధ్యాహ్నమంతా లోపలివాళ్ళు జనం మీద తుపాకులు పేల్చారు. ఇప్పుడు జనం కాపలావాళ్ళను దొరికినవాణ్ణి దొరికినట్టు చావబాదుతున్నారు.

ఉతికే బట్టలు ఎక్కడివక్కడ పడేసి పరుగెత్తాను. వీధి మలుపులో ముక్కూమొహం తెలియని జనం ఒక ముసలాయన్ని భుజాలమీద ఎక్కించుకుని జేజేలు కొడుతూ వస్తున్నారు. చూద్దును కదా, మా ఆయనే!

ఒంటిమీద సిపాయి కోటు లేదు. దాన్ని ఉతకమని నాకిచ్చాడు, ఈ ముసురుకి అది ఆరి చావలేదు. ముతక చొక్కాతోనే కొలువుకి పోయాడు. ఆ మాసిన చొక్కా, గడ్డం, పీక్కుపోయిన మొహం చూసి వీళ్ళు ఖైదీ అనుకున్నారు!

"తాతా, లోపల తిండేం పెట్టేవారు?" అని ఎవరో అడిగారు.

"పురుగుల రొట్టె, నీళ్ళ చారు."

"అయ్యయ్యో! మాంసం?"

"కోట పెద్దదొరగారి వంటింట్లోంచి వాసనొచ్చేది."

చేపలమ్మే ముసలమ్మ భోరుమంది. ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. అబద్ధమాడటం ఆ మహానుభావుడికి చేతకాదు, అదే నా భయం.

"ఇంతకీ ఏం నేరం చేశావు తాతా?"

"నేరమేంటి? నేను కాప..."

కాలు పట్టుకుని కిందికి లాగేశాను. "నా మొగుడే! నా మొగుడు బతికొచ్చాడే!" అని అరుస్తూ, ఆయన మొహాన్ని నా భుజానికేసి అదిమాను. ఊపిరాడక గింజుకున్నాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడు కనిపించాడు ఫిర్మిన్. పక్కింట్లో పీపాలు చేసేవాడు, ప్రతి ఆదివారం మా ఆయనతో కలిసి తాగేవాడు. చేతిలో గొడ్డలి. మధ్యాహ్నం కోట ముంగిట్లో అతని తమ్ముడు తుపాకీ దెబ్బకి పోయాడని వీధిలో అందరికీ తెలుసు.

దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "తుపాకీ పేల్చావా అన్నా?" అన్నాడు.

"లేదురా. రాళ్ళు బురుజు మీదికి మోశాను. మీ మీద వెయ్యడానికి."

నోర్ముయ్యవయ్యా అని గట్టిగా గిల్లాను. ఫిర్మిన్ గొడ్డలి పిడి బిగించి పట్టుకున్నాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"తప్పుకోండి! ఈయన్ని నేనెరుగుదును. ఏళ్ళ తరబడి లోపల మగ్గాడు. ఇంటికి పోనివ్వండి."

మా గడప దాకా తనే తోడొచ్చాడు. నాకప్పటికి ఊపిరొచ్చింది. దేవుడా, బతికిపోయాం! అతని చేతులు పట్టుకుని, "నీ మేలు మరిచిపోలేనయ్యా" అన్నాను.

"రేపు మా తమ్ముణ్ణి శ్మశానానికి మొయ్యాలి వదినా, ఒక మనిషి తక్కువయ్యాడు. అన్నని పంపు" అన్నాడు.

రోజంతా చెక్కుచెదరని మా ఆయన అప్పుడు గోడకి చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. "వస్తానురా" అన్నాడు. అక్కడెవరైనా అడిగితే నిజం చెప్పేస్తాడు, నేను ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు.