పక్కటెముకల మీద చెయ్యి

సువర్ణ నోరు అబద్ధం ఆడుతుందేమో గాని, చెయ్యి ఆడదు. బెంగాల్లోని లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు పెద్దిరాజుకి కూతురి సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు. బాక్సింగ్ నేర్పింది ఆయనే. దెబ్బ గట్టిగా తగిలితే ఆ పిల్ల ఎడమ మోచెయ్యి తనంతట తనే పక్కటెముకలను తడుముకుంటుంది. పైకి మాత్రం "ఏటీ అవనేదు నాన్నా" అని బింకం.

పోయినేడు గార్డెన్ రీచ్ పోటీలో ఆయన అది చూసి కూడా, ఇంకొక్క రౌండే కదా అని ఊరుకున్నాడు. రెండు ఎముకలు చిట్లాయి. మూడు నెలలు పిల్ల పక్కకి తిరిగి పడుకోలేకపోయింది.

ఆ తడుముడు అవతలి కోచ్‌ల కంట కూడా పడింది. అప్పుడు పెద్దిరాజుకి ఒక తెలివి పుట్టింది. పుట్టకపోయుంటే బాగుండేది.

"తగలకపోయినా తడుముకోయే. అవతలిది ఆశపడి కిందకి వంగుద్ది. అప్పుడు కుడిసేత్తో ఇసురు" అని నేర్పాడు. ఆ నాటకంతో సువర్ణ రెండు పోటీలు గెలిచింది. ఆయన వర్క్‌షాపులో టీ తాగుతూ అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

ఇవాళ గెలిస్తే బెంగాల్ జట్టులో చోటు. ఆఖరి రౌండు, ఇద్దరూ సమానంగా ఉన్నారు. రెఫరీ వీపు అడ్డొచ్చి ఒక దెబ్బ తగిలిందో లేదో పెద్దిరాజుకి కనబడలేదు. మరుక్షణం సువర్ణ మోచెయ్యి పక్కటెముకల మీదికి పోయింది.

"పాంజొరే మార్!" అవతలి కోచ్ అరిచాడు. అక్కడే కొట్టమని.

నాటకమా, నిజమా? పెద్దిరాజు కూతురి మొహం చూశాడు. రాయిలా ఉంచుకోమని తనే నేర్పిన మొహం. అందులో ఏముంటుంది? చెయ్యి మళ్లీ తడుముకుంది. ఆ మూడు నెలలూ కళ్లముందు తిరిగాయి. ఓటమి ఒప్పుకుంటూ చేతిలోని తువ్వాలు రింగులోకి విసిరేశాడు.

పోటీ ఆగింది. రెఫరీ అవతలి పిల్ల చెయ్యి పైకెత్తాడు. సువర్ణ విసురుగా తండ్రి దగ్గరికొచ్చింది.

"ఏటి నాన్నా ఇది? నువ్వు నేర్పిందే గదా సేసాను! అది వంగిపోతంది, ఒక్క దెబ్బకి పడిపోయేది!"

"నొప్పి నేదా?"

"నేదు!"

ఆయన నమ్మలేదు. నమ్మే దారి తనే మూసేసుకున్నాడు. డాక్టరు చూసి "కిచ్ఛు హొయ్‌ని, దాదా" అన్నాడు. ఏమీ కాలేదట. అయినా పెద్దిరాజు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క ఎముకా నొక్కి చూశాడు. పిల్ల కిక్కురుమనలేదు. ఏడుస్తూ ఎటో చూస్తోంది.

నొక్కేకొద్దీ ఆయన వేళ్లు బిగుసుకున్నాయి. ఎక్కడో ఒకచోట "అబ్బా" అంటే బాగుండును. ఒక్క ఎముకైనా విరిగి ఉంటే బాగుండును. కన్నతండ్రి అయ్యుండీ మనసులో అదే మొక్కుకున్నాడు.