నేను పడని మురుగుకాలవ

తాగుడు మాన్పించే సంఘం ఎక్కడుందో నాకు చెప్పినవాడు బార్‌లో గ్లాసులు కడిగే మనిషి. అంతకుముందు ఆసుపత్రిలో అడిగితే ఒక ఫోన్ నంబరిచ్చారు. దానికి చేస్తే ఎవరో పెద్దావిడ ఎత్తి, తన మోకాళ్ళ నొప్పుల గురించి పావుగంట చెప్పి, రాంగ్ నంబరని పెట్టేసింది. విసుగొచ్చి నా మామూలు బల్ల దగ్గర కూర్చుంటే గ్లాసులాయన జాలిపడ్డాడు. పక్క సందులో టైపు ఇన్‌స్టిట్యూట్ మేడ మీద, ఆదివారం పొద్దున పదింటికట. మా పాత గిరాకీలంతా అక్కడే ఉంటారు, అడిగానని చెప్పండి అన్నాడు.

మానాలని నాకేమీ సరదా లేదు. మా ఆవిడ నన్ను ఇంట్లోంచి పంపేసి పది రోజులైంది. మూడు నెలలు చుక్క ముట్టకుండా ఆ సంఘానికి వెళ్తే, కుటుంబాల్ని పిలిచే రోజు తనే వచ్చి చూసి, ఇంటికి రానివ్వాలో వద్దో అప్పుడు చెబుతానంది. నేను లిఫ్టు మెకానిక్‌ని. కంపెనీ స్టోరు గదిలో కప్పీలకీ తీగచుట్టలకీ మధ్య చాప వేసుకుని పడుకుంటున్నాను. నడుం పట్టేసింది. అందుకని వెళ్ళాను.

అక్కడి పద్ధతేమిటంటే, ఒక్కొక్కరే లేచి తామెంత దిగజారారో చెప్పాలి. చేసిన పాపం చెబితే పోతుందంటారు. అక్కడ మాత్రం వారం వారం పెరిగేది. లారీ డ్రైవరొకడు బండిని చెరువులో దింపి, చేపలు అడ్డం వస్తున్నాయని హారన్ కొట్టాడట. రిటైరైన హెడ్మాస్టరు, ఆయనే సంఘం పెద్ద, పరీక్ష పేపర్లు విప్పకుండానే అందరికీ ముప్పై అయిదు వేశాడట. నా వంతొచ్చింది. పనయ్యాక తాగేవాణ్ణి, ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి అన్నాను. అంతేనా అన్నట్టు చూశారు. టీ నాకు ఆఖర్న, చల్లారాక వచ్చింది. నాకు రోషం పుట్టింది. పాతికేళ్ళ తాగుడు నాది, నిన్నగాక మొన్న మొదలెట్టిన డ్రైవరు ముందు చులకనైపోవాలా?

రెండో ఆదివారం మురుగుకాలవలో పడ్డానన్నాను. నా జన్మలో పడలేదు, అయినా బాగా పండింది. మూడో వారం తెల్లారేదాకా ఆ కాలవలోనే ఉన్నాను. నాలుగో వారం ఒక కుక్క వచ్చి నా పక్కన పడుకుంది. అయిదో వారం మా ఆవిడ చెవిదుద్దులు అమ్మేశాను. హెడ్మాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు. డ్రైవరు మొహం మాడిపోయింది. అప్పట్నించీ మొదటి టీ నాదే. నిజం చెప్పొద్దూ, తాగితే వచ్చే హుషారు కంటే ఇదే బావుంది, పైగా మర్నాడు తలనొప్పి లేదు. చుక్క ముట్టలేదు, అదొక్కటీ అబద్ధం కాదు.

పన్నెండో వారం కుటుంబాల రోజు. మా ఆవిడ దుద్దులు పెట్టుకుని మరీ వచ్చి ముందు వరసలో కూర్చుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. హెడ్మాస్టరు లేచి, కాలవలోంచి మొగుణ్ణి లాక్కొచ్చిన తల్లివి, దుద్దులు పోయినా భరించావు, రెండు మాటలు చెప్పమ్మా అన్నాడు. ఆవిడ చెవి తడుముకుని నా వైపు చూసింది.

“ఈయన ఏ కాలవలోనూ పడలేదండీ. దుద్దులు ఇవే,” అంది.

గది గొల్లుమంది. అందరికంటే డ్రైవరు ఎక్కువ నవ్వాడు. నవ్వులు ఆగేదాకా ఆవిడ అలాగే నిలబడింది.

“పోయినేడు ఒక సాయంత్రం మా బిల్డింగు లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల మా పిల్ల ఒక్కతే. ఎనిమిదేళ్ళది. ఈయన తాగి పడుకున్నారు. లేపి తీసుకొచ్చాను. తలుపు తెరిచే తాళంచెవి చేతిలోనే ఉంది, పెట్టలేకపోయారు. లోపల్నించి అది నాన్నా, నాన్నా అని ఏడుస్తుంటే తలుపుకి మొహం ఆనించి, ‘ఆఫీసు టైములో ఫోన్ చెయ్యండి’ అన్నారు. అని అక్కడే పడుకున్నారు. ఇంకో మెకానిక్ వచ్చి తీసేసరికి గంట పట్టింది.”

నవ్వబోయిన ఒకరిద్దరు ఆగిపోయారు. నాకిదేదీ గుర్తులేదు. ఏడాదిగా పిల్ల నాలుగంతస్తులూ మెట్లెక్కి వెళ్తుంటే, నా కూతురు ఒళ్ళు దాచుకోదని తోటివాళ్ళ దగ్గర గొప్పలు చెప్పుకున్నాను. ఇన్ని వారాలు ఆ గదిలో నిలబడి సిగ్గుపడ్డానని చెప్పినవాణ్ణి, నిజంగా సిగ్గుపడింది అప్పుడే.

బయటికొచ్చాక ఇంటికి రావచ్చా అని అడిగాను.

“రమ్మందామనే వచ్చాను. పిల్ల ఒక్కటి కనుక్కు రమ్మంది. ఆ రోజు సంగతి నాన్న అక్కడ చెప్పారా అని. ఏమని చెప్పను?”

“గుర్తులేదని చెప్పు,” అన్నాను.

“అది మీరే వచ్చి చెప్పండి. ఉండాలో వెళ్ళాలో పిల్లే చెబుతుంది.”

ఇరవైమంది ముందు గడగడా మాట్లాడినవాణ్ణి, తొమ్మిదేళ్ళ పిల్ల ముందు ఏమని మొదలెట్టాలో వెతుక్కుంటూ ఆవిడ వెనకాల నడిచాను.