జత కలవని సర్వోలు

కొల్లేటికోటలో తన చేపల చెరువుగట్టు మీద గంగరాజు రెండింజన్ల బొమ్మ విమానాన్ని తోక దగ్గర అదిమి పట్టుకున్నాడు. చేపల మీద వాలే నీటికాకుల్ని తరమడానికి దాన్ని బామ్మర్ది ఫణీంద్ర చేత కట్టించాడు.

"ఇంజన్లకి పెట్రోలు వదిలే థ్రాటిళ్లని తిప్పే బుల్లి మోటార్లు, ఆ సర్వోలు, రెండూ ఒకే రకం వేశావా? ఒక థ్రాటిల్ ముందు తెరుచుకుంటే విమానం పక్కకి తిరిగిపోద్ది."

"ఒకే రకమేనండి బావగారూ. నన్ను నమ్మరేంటండీ?" అంటూ ఫణీంద్ర రిమోట్ నొక్కాడు.

కుడి ఇంజన్ ముందే అందుకుంది. విమానం చేతిలోంచి జారి గిర్రున తిరిగింది. ప్రొపెల్లర్ గంగరాజు ముంజేతిని ఎముక దాకా చీల్చింది.

ఫణీంద్ర ఇంజన్లు ఆపేశాడు. గంగరాజు నెత్తుటి చేత్తోనే మూతలు పీకి చూశాడు. కుడివైపుది కొత్త సర్వో. ఎడమవైపుది ఏదో పాత విమానంలోంచి ఊడదీసింది.

"సరిపోద్దనుకున్నానండీ."

నిరుడు ఫణీంద్ర బాగుచేసిచ్చిన స్కూటీ మీదే గంగరాజు భార్య ఏలూరు వెళ్తూ లారీ కింద పడి చచ్చిపోయింది.

"మీ అక్క బండికీ పాత బ్రేకులే వేశావా?"

ఫణీంద్ర తల దించుకున్నాడు.

గంగరాజు ఆ తలను జుట్టు పట్టి చెరువులో ముంచాడు. తన నెత్తురుతో నీళ్లు ఎర్రబడ్డాయి. బుడగలు ఆగాక కూడా చెయ్యి తీయలేదు.