మిగిలిన పచ్చ బఠాణీలు

రమ్య మేడం టేబుల్ మీద ముదురు పచ్చ బెడ్‌షీట్ పరిచి, గుప్పెడు తెల్ల బఠాణీలు, గుప్పెడు పచ్చ బఠాణీలు కలిపి దాని మీద చల్లి, మీరంతా పక్షులు, నేను చప్పట్లు కొట్టినంతసేపే తినాలె, ఒక్కసారికి ఒక్క గింజే అన్నది. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల, బట్టల షాపు మీది అంతస్తుల నడిచే ఆ స్కూల్లో టెన్త్ పిల్లలకు ల్యాబ్ అంటూ ఏం లేదు. మేడం కొత్తగ చేరింది, ఇంట్ల బెడ్‌షీటే మడిచి బ్యాగుల పెట్టుకొని మెట్రోల తెచ్చింది, ఇంక పిల్లలు ఊకుంటరా, ఎగబడ్డరు. తేజస్విని గూడ ఎగబడ్డది. చూస్తుండంగనే తెల్లవి ఖతం. పచ్చవి చాలా మటుకు అట్లనే ఉన్నయి.

"పచ్చవి హుషారు మేడం, దాక్కున్నయి," అన్నడు వినయ్.

"దాక్కోలే వినయ్. అవి ముందునుంచే పచ్చగున్నయి, అంతే. పక్షికి కనబడలే, మిగిలినయి. ఇప్పుడు మొలిచేవి, మళ్ల కాసేవి ఏవి? మిగిలినయే కదా."

అట్లయితే వచ్చే పంటంతా పచ్చగనే ఉంటది మేడం అని క్లాసంతా ఒక్క గొంతుతో అన్నది. ఇదే నాచురల్ సెలక్షన్, ప్రకృతి వరణం అని మేడం బోర్డు మీద రాసి, ఇదేదో లక్షల ఏండ్ల కింద అడవులల్ల జరిగి అయిపోయిన ముచ్చట కాదు, మన ఒంట్ల గూడ జరుగుతది అని చెప్పుకుంట పోయింది. రోగం తెచ్చే క్రిములు అన్నీ ఒక్కతీరు ఉండయి. శానా మటుకు మందుకు చస్తయి, ఎక్కడో కొన్ని మొండివి ఉంటయి. నయమైందని మందు మధ్యలనే ఆపేస్తే ఆ మొండివే మిగిలి, అవే పెరుగుతయి.

"మందు వాటికి ఏం నేర్పదు," అన్నది మేడం. "ఏరుతది, అంతే."

తేజస్విని గుప్పిట్ల తెల్ల బఠాణీలు చెమటకు తడిసినయి.

వాళ్ల నాన్న మహిపాల్ ట్రాలీ ఆటో నడుపుతడు. గడ్డిఅన్నారంల పండ్ల మార్కెట్ ఉన్నన్ని రోజులు బత్తాయి, మామిడికాయ లోడు కొట్టిండు, మార్కెట్ పోయినంక ఎల్‌బీ నగర్ చౌరస్తాల నిలబడి ఇండ్లు మారేటోళ్ల సామాన్లు మోస్తున్నడు. పోయినేడు దగ్గు పట్టుకుంటే సర్కారు దవాఖానల టీబీ అన్నరు, ఆరు నెలలు గోలీలు మింగాలన్నరు. పైన ఉండే ఓనర్ శివమ్మకు ఈ సంగతి తెలిస్తే రూమ్ ఖాళీ చేపిస్తదని ఇంట్ల ముగ్గురికీ ఒకటే భయం. ఆ గోలీలకు మూత్రం ఎర్రగ వస్తది, లెట్రిన్ ఏమో అందరికీ ఒకటే. నాన్న పోయొచ్చినప్పుడల్లా బకెట్లకు బకెట్లు నీళ్లు గుమ్మరించేటోడు, శివమ్మ పైనుంచి, ఏం మహిపాలూ, మోటర్ కాలబెడ్తవా ఏంది అని సతాయించేది. దగ్గు తగ్గి, ఒళ్లు జర తేరుకోంగనే గోలీలు బంద్ చేసిండు. తెచ్చినవి తెచ్చినట్టు బియ్యం డబ్బా ఎనక పడి ఉండేవి.

దవాఖాన నుంచి పల్లవి సిస్టర్ ఫోన్ చేసేది. ఎవరి కంటన్న పడుతదని ఆ నంబర్ గ్యాస్ బుకింగ్ అని సేవ్ చేసుకున్నరు. నువ్వయితే మంచిగ మాట్లాడ్తవ్ బిడ్డా అని నాన్న ఫోన్ తెచ్చి తేజస్విని చేతుల పెట్టేటోడు. రోజూ వేసుకుంటుండు సిస్టర్, ఒక్కరోజు గూడ తప్పలే సిస్టర్ అని తేజస్విని ఎంత సాఫ్‌గ చెప్పేదంటే, ఫోన్ పెట్టేసినంక అమ్మ యాదలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది.

ఇప్పుడు ఆ దగ్గు మళ్లొచ్చింది. చౌరస్తా దుమ్ము అంటున్నడు నాన్న. ఇంట్ల అందరూ దుమ్మే అంటున్నరు.

తేజస్విని లేచి నిలబడ్డది. "మేడం, మళ్ల అదే మందు వేస్తే?"

రమ్య మేడం మొఖం వెలిగిపోయింది. సూపర్ క్వశ్చన్ అన్నది. మిగిలిన పచ్చవాటి పక్కన ఇంకిన్ని పచ్చ బఠాణీలు పోసి, ఇవి వాటి సంతానం అనుకోండ్రి అన్నది.

"పక్షి అదే. దాని కండ్లు అవే. ఇప్పుడు దానికేం దొరుకుతది?"

ఏం దొరకదు మేడం అన్నరు పిల్లలు. ఇంత మంచి ప్రశ్న అడిగినందుకు తేజస్వినికి చప్పట్లు కొట్టండ్రి అన్నది మేడం. అందరూ కొట్టిండ్రు, వినయ్ అయితే బల్ల గూడ చరిచిండు. ఆ చప్పుడు ఆగేదాక తేజస్విని నిలబడే ఉన్నది.

సాయంత్రం ఇంటికి పోయేసరికి నాన్న గేటు ముందర ట్రాలీల కూసొని, తువ్వాల నోటికి ఒత్తుకొని దగ్గుతున్నడు. తేజస్విని పక్కన కూసొని, మేడంని అడిగి తెచ్చుకున్న పచ్చ బఠాణీలు చూపిచ్చుకుంట మొత్తం చెప్పింది. నాన్న ముందు నవ్విండు, నా ఒంట్ల బఠాణీలు మొలుస్తయా ఏంది అన్నడు.

"మంచిగయినంకనే కదా బిడ్డా బంద్ చేసింది."

"మంచిగనిపించింది నాన్న. చచ్చేటివి చచ్చినయి, అందుకే. సిస్టర్‌కు చెప్దాం."

నాన్న నవ్వు ఆగిపోయింది. ఒక్కసారి పైన శివమ్మ బాల్కనీ దిక్కు చూసి గొంతు తగ్గించిండు. "ఇప్పుడు ఫోన్ చేస్తే ఆ సిస్టర్ సీదా ఇంటికే వస్తది. ఈమె చూస్తది. ఎటు పోదాం?"

ఎటు పోవాలో తేజస్వినికీ తెల్వదు. "అబద్ధం నేను చెప్పిన నాన్న, నేనే చెప్త," అని ఫోన్ తీసుకొని గ్యాస్ బుకింగ్ నొక్కింది. ఎప్పుడూ గడగడ మాట్లాడేటి పిల్లకు ఈసారి మాట ముక్కలు ముక్కలుగ వచ్చింది.

సిస్టర్ తిట్టలే. ముగ్గురినీ పరీక్షలకు పిలిచింది, రెండుసార్లు ఇంటికి గూడ వచ్చిపోయింది. అమ్మకు, తేజస్వినికి ఏం లేదన్నరు. సంగతి తెలిసిన శివమ్మ గూడ లొల్లి పెట్టలే, మెట్ల మీదనే నిలబడి, ఇంట్ల చిన్న పిల్లగాడు ఉన్నడు మహిపాలూ, ఒకటో తారీకుకు వేరే రూమ్ చూసుకోండ్రి అని మెల్లగ చెప్పి పైకి పోయింది. అంత మెల్లగ చెప్పేసరికి బతిమాలాలన్నా ఎవరికీ నోరు రాలే. అమ్మ నాగోల్ దిక్కు రూములు చూస్తున్నది.

నాన్న తెమడ పరీక్ష వచ్చింది. పాత గోలీలల్ల అసలుది ఇంక పని చేయదు అని డాక్టర్ ఏదేదో ఇంగ్లీషుల చెప్పుకుంట పోయిండు. బయటికొచ్చి దవాఖాన మెట్ల మీద కూసున్నంక నాన్న అడిగిండు, ఏమంటున్నడు బిడ్డా అని.

"పక్షిని మారుస్తరంట నాన్న."

నాన్నకు దగ్గొచ్చింది, తువ్వాల తీసిండు, మళ్ల మడిచి పెట్టుకున్నడు.

"గీ కొత్త పక్షికైనా పచ్చవి కనబడ్తయా?"

డాక్టర్ ఆ మాట చెప్పలే. తేజస్వినికి సాఫ్‌గ ఒక అబద్ధం నోటిదాక వచ్చింది, మింగేసింది.

"చూడాలె నాన్న," అన్నది. కొత్త గోలీలు ఇచ్చే కాడ లైన్ అప్పటికే గేటు దాక పోయింది. ఇద్దరూ లేచి పోయి దాని ఎనక నిలబడ్డరు.